రిహార్సల్ లేని రోజున నటి ఏం చెయ్యాలి?

- పూర్వ విద్యార్థిని, ఎం.పి.ఏ. (రంగస్థల కళలు)



వార్షికోత్సవ సంచికకి ఏదైనా రాసివ్వమని వార్డెన్ మేడమ్ ఫోన్ చేసినప్పుడు కవిత రాస్తానన్నాను. "కవితలు ఇప్పటికే పద్నాలుగు వచ్చాయి, పిల్లలకి పనికొచ్చేది రాయమ్మా" అన్నారు. అందుకని పాఠమే రాస్తున్నాను.

గత ఏడాదిగా మన హాస్టల్ నుంచి నలుగురైదుగురు చెల్లెళ్లు నాకు ఫోన్ చేసి ఒకటే అడిగారు. "అక్కా, యాక్టింగ్ ఎక్కడ నేర్పుతారు?" అని. దానికి జవాబు సులువు. విశాఖలో ఆంధ్రా యూనివర్శిటీలో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్శిటీలో, తెలుగు విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల విభాగాలున్నాయి. ఢిల్లీలో 1959లో పెట్టిన నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా ఉంది. అక్కడ చేరాలంటే డిగ్రీతోపాటు నాటకాల్లో నటించిన అనుభవం కూడా అడుగుతారు. ఏ ఏడాది ఏ కోర్సుకి నోటిఫికేషన్ పడుతుందో చూసుకుని అప్లికేషన్ పెట్టుకోవాలి. అంతే. "ఆడిషన్ ఫీజు కట్టండి, సినిమాలో వేషం ఇప్పిస్తాం" అనేవాళ్ల దగ్గరికి మాత్రం పోకండి. ఆ డబ్బుతో ఒక సంవత్సరం పుస్తకాలొస్తాయి.

ఎవరూ అడగని ప్రశ్న ఇంకొకటుంది. కోర్సు అయిపోయి, పట్టా చేతికొచ్చి, వేషాలు కూడా వస్తున్నాక ఆ నేర్చుకున్నది నిలబెట్టుకోవడం ఎలా? నా చేత ఈ ప్రశ్న అడిగించింది ఒక డిసెంబర్ నెల.

పి.జి. చదివిన రెండేళ్లూ పొద్దున ఆరింటికి మాకు వాయిస్ క్లాసు ఉండేది. చలిలో తిట్టుకుంటూ వెళ్లేవాళ్లం. కోర్సు అయిపోయిన మర్నాడు ఆరింటికి నన్ను ఎవరూ లేపలేదు. ఊరికి వచ్చేశాను. వారమంతా ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు, శని ఆదివారాలు నాటికలు. మా జిల్లాల్లో పరిషత్తు పోటీలు జరిగే ఊళ్లు చాలా ఉన్నాయి. నాటిక సమాజాల్లో మగవాళ్లు ఎక్కువగా ఆ ఊరివాళ్లే ఉంటారు. ఉద్యోగాలు చేసుకుంటూ సరదాకొద్దీ వేసేవాళ్లు. ఆడ పాత్రలకి మాత్రం మాలాంటి వాళ్లని డబ్బులిచ్చి పిలుస్తారు. మేం ఒక్కొక్కళ్లం రెండు మూడు సమాజాలకి వేస్తాం. అందుకని స్క్రిప్టు ఫోన్‌కి వస్తుంది, ఆఖరి రెండు మూడు రిహార్సల్స్‌కి వెళ్తాం, ప్రదర్శన ఇచ్చి బస్సెక్కుతాం.

ఆ డిసెంబర్‌లో మూడు రాత్రులు, మూడు ఊళ్లు, మూడు నాటికలు ఒప్పుకున్నాను. మూడో రాత్రి నేను తల్లి వేషం. ఆఖరి రంగంలో కొడుకుని నిలదీసే మాటలు ఒకటిన్నర పేజీ. అందులో సగం దాటాక నా గొంతు పోయింది. పోవడమంటే బొంగురు పోవడం కాదు, గాలి తప్ప ఏమీ రాలేదు. ఎదురుగా నిల్చున్న అబ్బాయి తెలివైనవాడు కాబట్టి నా మాటలు కూడా తనే ఏదో రకంగా కలిపి చెప్పి తెర వేయించాడు. ఆ సమాజం వాళ్లు ఆరు నెలలు కష్టపడ్డ నాటిక అది. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. డబ్బులు కవర్లో పెట్టి ఇచ్చారు. మళ్లీ పిలవలేదు.

రాత్రి బస్సులో కూర్చుని లెక్క చూసుకున్నాను. కోర్సు అయిపోయి ఏడు నెలలు. ఈ ఏడు నెలల్లో పద్దెనిమిది ప్రదర్శనలు ఇచ్చాను. ఒక్క రోజు కూడా సాధన చెయ్యలేదు.

రిహార్సల్ వేరు, సాధన వేరు

మనం ఇక్కడే పొరపాటు పడతాం. సంగీతం పాడేవాళ్లు కచేరీ లేని రోజున కూడా సాధన చేస్తారు. కబడ్డీ ఆడేవాళ్లు మ్యాచ్ లేని రోజున కూడా గ్రౌండ్‌కి వెళ్తారు. నటులు మాత్రం రిహార్సల్‌కి వెళ్తే చాలనుకుంటారు. రిహార్సల్ ఆ నాటకం కోసం. ఎవరు ఎటు నుంచి రావాలి, ఎవరి మాట తర్వాత ఎవరి మాట, లైటు ఎక్కడ పడుతుంది, ఇవి కుదుర్చుకోవడానికే అక్కడి టైము సరిపోతుంది. నీ ఊపిరి ఎంతసేపు నిలుస్తుంది, నీ నాలుక ఎక్కడ జారుతుంది అనేది అక్కడ చూసేవాళ్లుండరు.

సురభి కుటుంబాల్లో పిల్లలు స్టేజీ మీదే పెరుగుతారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ వేసిన దగ్గర నుంచి తరతరాలుగా వాళ్లకి ఇల్లూ అదే, బడీ అదే. మనకి అలాంటి ఇల్లు లేదు. మా నాన్న కూలిపని, మా అమ్మ కూలిపని. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటిదాన్ని నేనే. కాబట్టి ఇంట్లో గాలికి అబ్బే విద్యని మనం టైంటేబుల్ వేసుకుని సంపాదించాలి.

ఇంట్లో అన్నీ ఉన్నవాళ్లు కూడా టైంటేబుల్ వేసుకున్నారు. రష్యా నటుడు స్టానిస్లావ్‌స్కీ పేరు మీలో కొందరైనా వినే ఉంటారు. వాళ్లది బంగారు, వెండి జరీ తయారుచేసే ఫ్యాక్టరీ ఉన్న కుటుంబం. తండ్రి ఇంట్లోనే నాటకశాల ఏర్పాటు చేశాడు. (మనకి మెస్ హాలుకీ నీళ్ల తొట్టికీ మధ్య జాగా ఉండేది.) 1877లో, పద్నాలుగేళ్ల వయసులో, తను వేసిన వేషాల్లో ఏం బాగా వచ్చింది, ఏం చెడింది అని నోటు పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టాడు. 1898లో మాస్కో ఆర్ట్ థియేటర్ పెట్టాడు, పెద్ద పేరొచ్చింది. అంతా అయ్యాక 1906లో, సెలవుల్లో కూర్చుని ఆలోచిస్తే, తను ఎన్నోసార్లు వేసిన పాత్రల్లో ప్రాణం పోయి అలవాటు మాత్రమే మిగిలిందని తెలిసింది. అప్పుడు మళ్లీ మొదటి నుంచి నటనని చదవడం మొదలుపెట్టాడు. నలభై మూడేళ్ల వయసులో, పేరున్న నటుడు. నాకు ఆయన పుస్తకాల కంటే ఈ సంగతే ఎక్కువ పనికొచ్చింది. నాటకశాల మనం కట్టించుకోలేం గాని నోటు పుస్తకం కొనుక్కోగలం.

ముందు లెక్క రాయాలి

కొత్త పుస్తకం తీసుకుని మీరు వేసిన చివరి ఐదు ప్రదర్శనలు రాయండి. హాస్టల్ పిల్లలైతే ఆగస్టు పదిహేనుకి వేసిన నాటిక, ఏప్రిల్ పద్నాలుగు అంబేద్కర్ జయంతికి చేసిన ఏకపాత్ర కూడా లెక్కలోకి వస్తాయి. ఒక్కొక్క దాని కింద ఎక్కడ చెడిందో రాయాలి. "బాగా చెయ్యలేదు" అని రాస్తే లాభం లేదు. అది ఏడుపు, లెక్క కాదు. "రెండో రంగంలో పరుగెత్తి వచ్చాక మొదటి మాటకి ఊపిరి లేదు", "ఏడ్చేటప్పుడు చేతులు ఏం చెయ్యాలో తెలియక కొంగు నలిపాను", ఇలా రాయాలి.

నా ఐదు ప్రదర్శనల వీడియోలు అడిగి తెప్పించుకుని చూస్తే, నాకు తెలియని తప్పు ఒకటి ఐదింట్లోనూ ఉంది. వాక్యం చివరి మాట మింగేస్తున్నాను. తెలుగులో ఇది చిన్న తప్పు కాదు. మన వాక్యానికి క్రియ చివర వస్తుంది. "వాడు నిన్న రాత్రి మా ఇంటికి" దాకా ఎంత గట్టిగా చెప్పినా, వచ్చాడో రాలేదో చివరి మాటే చెప్పాలి. ఊపిరి సరిగ్గా అక్కడికి వచ్చేసరికి అయిపోతుంది. గొంతు దిగిపోతుంది. వెనక వరుసలో కూర్చున్నవాళ్లకి కథ అర్థం కాదు. స్టేజీ మీద మైకులుంటాయి కదా అనుకోవద్దు. మింగేసిన మాటని ఏ మైకూ అందుకోదు.

ఒక్కటే పని, పన్నెండు వారాలు

లెక్క రాశాక పది తప్పులు కనపడతాయి. పదింటినీ ఒకేసారి దిద్దబోతే రెండు వారాల్లో విసుగొచ్చి మానేస్తారు. నేను మొదట అలాగే మానేశాను. తర్వాత ఒక నియమం పెట్టుకున్నాను. పన్నెండు వారాలకి ఒక్క పని. మిగతావి ఉన్నంతలో ఉంటాయి.

మొదటి పన్నెండు వారాలు జనవరిలో మొదలుపెట్టి ఊపిరి, గొంతు తీసుకున్నాను. పొద్దున నలభై నిమిషాలు, రాత్రి ఇరవై నిమిషాలు. మా ఇల్లు ఒకటే గది, కాబట్టి పొద్దున డాబా మీద. ముందు వెల్లకిలా పడుకుని పొట్ట మీద లావుపాటి పుస్తకం పెట్టుకోవాలి. ఊపిరి పీలిస్తే పుస్తకం లేవాలి, భుజాలు లేవకూడదు. తర్వాత "స్..." అని సన్నగా, ఒకే మోతాదులో గాలి వదలాలి. మొదటి వారం నాకు పద్నాలుగు సెకన్లు వచ్చింది, పన్నెండో వారానికి ముప్పై దాటింది. ఆ తర్వాత ఐదు నిమిషాలు నోరు మూసుకుని "మ్" అని సన్నని నాదం, పెదాలు అదిరిస్తూ కిందికి పైకి. గొంతు వేడెక్కాకే మాటలు.

ఆడవాళ్ల స్వరతంత్రులు మామూలుగా మాట్లాడేటప్పుడు సెకనుకి సుమారు 200 సార్లు కదులుతాయి. అరిచినప్పుడు ఇంకా ఎక్కువ. ఇది తెలిశాక నేను ఊరికే అరవడం మానేశాను, స్కూల్లో పిల్లల మీద కూడా. నాటకాల వాళ్లు గొంతు పోతే కరక్కాయ, మిరియాలు, పటికబెల్లం అని తలా ఒకటి ఇస్తారు. ప్రేమతో ఇస్తారు, తీసుకోండి. అయితే మింగినది అన్నవాహికలోకి పోతుంది, స్వరతంత్రులకి తగలదు. వాటికి కావాల్సిన తడి పొద్దుటి నుంచి తాగిన నీళ్ల వల్ల వస్తుంది, తెర లేచే ముందు తాగిన గ్లాసు వల్ల రాదు. బొంగురు పోయినప్పుడు గుసగుసగా మాట్లాడితే గొంతుకి విశ్రాంతి అనుకుంటాం. అది ఇంకా శ్రమ. మాట్లాడకుండా ఉండటమే విశ్రాంతి. మూడు వారాలైనా బొంగురు తగ్గకపోతే చెవి ముక్కు గొంతు డాక్టర్‌కి చూపించుకోవాలి. ప్రభుత్వాసుపత్రిలో ఓ.పి. చీటీ రాయించుకుంటే సరిపోతుంది.

రాత్రి ఇరవై నిమిషాలు పద్యాలు. నాటికలు వేసేదానికి పద్యాలెందుకని అడగొచ్చు. ఊపిరికి పద్యాన్ని మించిన కొలబద్ద నాకు దొరకలేదు. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం యతి. చంపకమాలకి 21, పదకొండో అక్షరం యతి. శార్దూలానికి 19, పదమూడోది యతి. ముందు పద్యాన్ని మామూలు మాటల్లో అన్వయించుకుని అర్థం తెలిసేలా చెప్పాలి. తర్వాత ఒక్కో పాదం ఒక్కో ఊపిరిలో. తర్వాత రెండు పాదాలు ఒక ఊపిరిలో, ఆఖరి అక్షరం కూడా మొదటి అక్షరమంత గట్టిగా వచ్చేట్టు. నేను జాషువా గారి పద్యాలు తీసుకున్నాను. హరిశ్చంద్ర నాటకంలో కాటి సీనులో ఊరూరా పాడుతుంటే విని పెరిగిన శ్మశాన పద్యాలు ఆయనవని నాకు డిగ్రీలో గాని తెలియలేదు. మా ఊళ్లో ఆ పద్యాలకి వన్స్ మోర్ కొట్టిన పెద్దలకి కూడా తెలుసునో లేదో.

నాలుక సంగతి

రెండో పన్నెండు వారాలు ఉచ్చారణ. దీని గురించి కొంచెం ఎక్కువ రాయాలి.

ఒక దర్శకుడు, పేరెందుకు, నేను మొదటి రిహార్సల్లో రెండు పేజీలు చదవగానే ఆపి, "అమ్మాయీ, నీ భాష పనిమనిషి పాత్రకి బాగుంటుంది, డాక్టర్ పాత్ర ఇంకొకరికి ఇద్దాం" అన్నాడు. అందరి ముందు. నేను "శాంతి"ని "సాంతి" అన్నాను, "భయం"లో ఒత్తు పలకలేదు. ఆ రాత్రి ఏడ్చాను. రెండు రోజుల తర్వాత కోపం వచ్చింది. ఆ తర్వాత పుస్తకం తీశాను.

మన ఇళ్లల్లో మాట్లాడే భాష తప్పు కాదు. ఇది ముందు గట్టిగా అనుకోవాలి. లేకపోతే ఉచ్చారణ సాధన చేస్తూ చేస్తూ ఇంటికెళ్లి అమ్మ మాటని దిద్దడం మొదలుపెడతాం. నేను ఒకసారి దిద్దాను కూడా. మా అమ్మ ఏమీ అనకుండా నా వైపు చూసి అన్నం పెట్టింది. ఆ చూపు మీకొద్దు. మరి ఎందుకు నేర్చుకోవాలంటే, నటికి రెండు భాషలొస్తే రెండు రకాల వేషాలొస్తాయి. డాక్టర్ వేషం వేసేవాళ్లలో చాలామందికి మన భాష రాదు. యాస పేరుతో వాళ్లు పలికేది వింటే మనకి నవ్వొస్తుంది. నాకు రెండూ వస్తే ఎక్కువ పని ఎవరికి దొరుకుతుంది?

సాధన ఇలా చేశాను. "శ"కి నాలుక మధ్యభాగం అంగిటి వైపు లేస్తుంది, "ష"కి నాలుక కొన వెనక్కి మడుస్తుంది, "స"కి కొన పళ్ల దగ్గరే ఉంటుంది. అద్దం ముందు మూడూ విడిగా, తర్వాత "శేషశయనం", "విశేషం", "సుశిక్షితుడు" లాంటి మాటల్లో. ఒత్తులకి అరచేయి నోటి ముందు పెట్టుకోవాలి. "బయం" అంటే గాలి తగలదు, "భయం" అంటే తగలాలి. రోజూ దినపత్రిక సంపాదకీయం ఒక పేరా సెల్‌ఫోన్‌లో రికార్డు చేసి, తప్పిన అక్షరం కింద గీత పెట్టాలి. మొదటి రోజు ఒక్క పేరాలో పంతొమ్మిది గీతలు పడ్డాయి. తర్వాత అదే పేరాని మన భాషలో, ఇంట్లో చెప్పినట్టు చెప్పాలి. ఈ రెండోది మానకండి. రెండు భాషలూ ఒకే రోజున నాలుక మీద నడవాలి.

చూసి రాసుకోవడం

దీనికి వారాలు లేవు, ఎప్పుడూ జరగాల్సిందే. హాస్టల్లో ఉన్నవాళ్లు అదృష్టవంతులు. వందమంది ఒకే చోట నిద్ర లేస్తారు, నీళ్ల కోసం క్యూ కడతారు, ఇంటి నుంచి ఎవరూ రాని ఆదివారం గేటు వైపు చూస్తారు. ఒక్కొక్కళ్లు ఒక్కో రకంగా చూస్తారు. రాసుకోండి. వెక్కిరించడానికి మాత్రం కాదు. వార్డెన్ నడక చేసి చూపిస్తే చప్పట్లు వస్తాయి, అది మిమిక్రీ. ఆవిడ అలా ఎందుకు నడుస్తుంది, మోకాలి నొప్పా, చేతిలో తాళాల గుత్తి బరువా అని పట్టుకుంటే నటన.

పోయిన మార్చిలో నాకు వ్యవసాయ కూలీ వేషం వచ్చింది. దర్శకుడు మంచివాడే, కానీ కూలీ అనగానే నడుం వంచి, చేతులు నలుపుకుంటూ, తల గోక్కుంటూ రమ్మన్నాడు. నేను మా అమ్మని తలుచుకున్నాను. మిరపకాయల కోతకి వెళ్లి సాయంత్రం మూట నెత్తిన పెట్టుకుని వస్తుంది. నెత్తి మీద బరువున్న మనిషి నడుం వంచితే బరువు పడిపోతుంది. మెడ నిటారుగా ఉంటుంది, కళ్లు మాత్రమే అటూ ఇటూ తిరుగుతాయి. బరువు దించాక కూడా చాలాసేపు మెడ అలాగే ఉంటుంది. కోత రోజుల్లో చేతుల మంటకి అన్నం వేళ్ల కొసలతో కలుపుతుంది, అరచేయి తగలనివ్వదు. ఈ రెండూ తీసుకుని రిహార్సల్లో చేసి చూపించాను. "ఈవిడ కూలీలా లేదు, మరీ దర్జాగా ఉంది" అన్నారొకరు. దర్శకుడు కాసేపు ఆలోచించి, అలాగే ఉంచమన్నాడు.

ఎవరు చూసి చెప్పాలి?

గురువు పక్కన లేనప్పుడు మనకి మనమే గురువనుకుంటే మోసపోతాం. మనలాగే పనిచేసుకుంటున్న ఇంకొకరిని పట్టుకోవాలి. నాతో పి.జి. చదివిన స్నేహితురాలు వేరే జిల్లాలో ఉంటుంది. మంగళవారం రాత్రి ఒకరి రికార్డింగ్ ఒకరం వింటాం. "ఎలా ఉంది?" అని అడగం. అలా అడిగితే "బాగుంది" అంటారు, స్నేహం చెడకుండా. మూడే ప్రశ్నలు: ఎక్కడ వినపడలేదు, ఎక్కడ నమ్మలేదు, ఎక్కడ విసుగొచ్చింది. మా అమ్మని కూడా అడుగుతాను. మా అమ్మకి చదువు రాదు. ఒకసారి నా ఏడుపు సీను చూసి, "నువ్వు ఏడుస్తావని ముందే తెలిసిపోయిందే, ఊపిరి ఎగబీల్చావు" అంది. రెండేళ్ల చదువులో అంత సూటిగా నాకెవరూ చెప్పలేదు.

నాటకం చదవడం గురించి రెండు మాటలు. ఏడాదికి ఒక్క నాటకమైనా అన్ని పాత్రలూ మీవే అన్నట్టు చదవండి. నేను కన్యాశుల్కంతో మొదలుపెట్టాను. 1892లో తొలిసారి ఆడింది, ఇప్పుడు మనం ఎక్కువగా చదివేది 1909 నాటి ప్రతి. మధురవాణి రామప్ప పంతులుతో మాట్లాడే తీరు వేరు, సౌజన్యారావు పంతులుతో మాట్లాడే తీరు వేరు. ఎదుటి మనిషి మారితే మాట ఎలా మారుతుందో పక్కన పెన్సిల్‌తో రాసుకుంటూ పోతే ఒక సీనుకి వారం పడుతుంది. పట్టనివ్వండి.

ప్లాను తప్పిన రోజులు

తప్పుతుంది. జలుబు చేస్తుంది, నెలసరి నొప్పి ఉంటుంది, రాత్రి రెండింటికి బస్సు దిగుతాం. నాకు మొదటి పన్నెండు వారాల్లో ఇరవై రెండు రోజులు పోయాయి. పోయిన రోజుల్ని మర్నాటికి కలపకండి, అప్పు మీద వడ్డీలా పెరిగి ప్లానే మూలపడుతుంది. అలాంటి రోజులకి పది నిమిషాల చిన్న ప్లాను ఒకటి ఉంచుకోవాలి: ఐదు నిమిషాలు "మ్", ఒక పద్యం, పుస్తకంలో ఒక వాక్యం. బస్టాండులో కూడా అయిపోతుంది. వారానికి ఒక రోజు పూర్తిగా సెలవు. నాకు సోమవారం, ఆ రోజు గొంతు ఎలాగూ అలిసి ఉంటుంది. వచ్చిన డబ్బుల్లో ఇంటికిచ్చేది ఇచ్చాక, ప్రదర్శనకి రెండు వందలు వేరే డబ్బాలో వేస్తాను. పాత పుస్తకాలు, జిరాక్సులు, దూరంగా మంచి నాటకం ఆడితే చూడటానికి బస్సు చార్జీ అందులోంచే. రెండు నెలలు ఆ డబ్బా మా తమ్ముడి ఫీజుకి పోయింది. అదీ రాసుకున్నాను.

ఏప్రిల్‌లో మళ్లీ మూడు రాత్రులు, మూడు ఊళ్లు వచ్చాయి. రెండే ఒప్పుకున్నాను, మధ్యలో ఒక రోజు ఖాళీ ఉంచుకుని. రెండో రాత్రి నాటిక అయిపోయాక పందిరి వెనక టీ అమ్మే ఆయన గ్లాసు ఇస్తూ, ఆఖర్లో కూతురు ఇంటికి రాలేదని చెప్పినప్పుడు స్టవ్ తగ్గించి విన్నానన్నాడు. "రాలేదు" అన్న మాట ఆయన దాకా వచ్చిందన్నమాట. ఆ రాత్రి పుస్తకంలో అదొక్కటే రాశాను.

ఇప్పుడు మూడో పన్నెండు వారాలు నడుస్తున్నాయి. ఈసారి తీసుకున్న పని, ఎదుటివాళ్లు మాట్లాడుతున్నప్పుడు నిజంగా వినడం. నా మాట ఎప్పుడొస్తుందా అని లోపల లెక్కపెట్టుకోకుండా వినడం. ఆరో వారంలో ఉన్నాను, ఇంకా రావడం లేదు. మీలో ఎవరికైనా మంగళవారం రాత్రి ఫోన్‌లో మాతో కలవాలని ఉంటే వార్డెన్ మేడమ్ దగ్గర నా నంబరు ఉంది. తొమ్మిదిన్నరకి, మీ స్టడీ అవర్ అయిపోయాక. రికార్డింగ్ మూడు నిమిషాలు దాటకుండా చూసుకోండి.